చేతి ట్రాక్టరు చరిత్ర

ట్రాక్టరు అనగానే పెద్ద చక్రాలు, ఎత్తైన పీట, వెనుక ట్రాలీ మన కళ్ళకు కట్టుతాయి. రైతు రెండు పిడులు పట్టుకొని వెంట నడుస్తూ నడిపే చిన్న ట్రాక్టరు కూడ ఒకటి కలదు. పాశ్చాత్యులు దీనిని తోట ట్రాక్టరు అన్నారు. దీనికి దగ్గరి చుట్టమే మన పవర్ టిల్లరు. ఆ దేశాలలో పాతబడిన ఇట్టి యంత్రాలను విప్పి, బాగుచేసి, తిరిగి నడిపించడం పలువురికి వినోదం. మన దగ్గర పాత టిల్లరుకు సాధారణంగా పట్టే గతి పాత ఇనుప దుకాణమే. ఆ ఇనుముతో మన సేద్యచరిత్రలో ఒక పుట కూడ కరిగిపోతున్నది.

నడక లెక్క

ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. నాగటి చాలు వెడల్పు 20 సెంటీమీటర్లు అనుకుందాం. ఎకరం ఒక్కసారి దున్నడానికి ఎద్దులు, వాటి వెంట రైతు, 20 కిలోమీటర్లు నడవాలి. 60 సెంటీమీటర్ల వెడల్పున మట్టిని తిరగవేసే టిల్లరుకు 7 కిలోమీటర్లు చాలును. జత ఎద్దుల బలం సుమారు ఒక అశ్వశక్తి. టిల్లరు బలం 8 మొదలు 13 అశ్వశక్తుల వరకు ఉంటుంది.

పుట్టుక

నాగలిని లాగే యంత్రానికి ఒక చిక్కున్నది. చక్రాలు నేలను గట్టిగా పట్టాలి. అందుకు యంత్రం బరువుగా ఉండాలి. ఆ బరువు దున్నవలసిన నేలనే అణచివేస్తుంది. ఆస్ట్రేలియాలో గిల్‌గాండ్రా అనే ఊరిలో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అనే యువకుడు 1912లో దీనికి మరొక దారి చూచినాడు. నాగలిని లాగడానికి బదులు ఇంజను చేతనే కత్తులను గుండ్రంగా తిప్పించి మట్టిని పొడిచేయించినాడు. మొదటి కత్తులు మట్టిని ప్రక్కలకు విసరివేసినవి. కత్తి కొనను ఆంగ్లాక్షరం ‘ఎల్’ ఆకారంలో వంచగానే ఆ దోషం పోయినది. 1920లో ఆయన పేటెంటు పొందినాడు. 1922లో కంపెనీ స్థాపించినాడు. అమెరికాలో ఛాయాచిత్రకారుడైన బెంజమిన్ గ్రేవ్‌లీ తన చేతి ట్రాక్టరుకు 1916లోనే పేటెంటు పొందినాడు.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఈ యంత్రం జపానులో విస్తరించినది. చిన్న కమతాలు, బురద మడులు అచటి సేద్యానికి లక్షణాలు. మన దేశానికి కూడ ఇది జపాను సహకారంతోనే వచ్చినది. 1960 దశకంలో హైదరాబాదులో కృషి ఇంజన్సు సంస్థ టిల్లర్లను తయారుచేసినది. బెంగుళూరు వి.ఎస్.టి. సంస్థ 1967లోను, కేరళ ప్రభుత్వ సంస్థ కామ్‌కో 1973లోను వెలసినవి.

చెలక, కరిగెట

నేడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలుగా 2016లో ఏర్పడిన ప్రాంతంలో అధికభాగం పూర్వపు వరంగల్ జిల్లాలోనిది. ఇక్కడ రెండు విధాల సేద్యం ఉన్నది. ఒకటి చెరువు క్రింది వరి. భూపాలపల్లి జిల్లాలోని గణపురం చెరువు కాకతీయుల నాటిది. రెండవది జనగామ వైపు అధికంగా కనిపించే ఎర్రనేలల చెలక. కరిగెటలో టిల్లరు చక్కగా పనిచేస్తుంది. పెద్ద ట్రాక్టరు దిగబడే మడిలో కూడ ఇది తేలికగా తిరుగుతుంది. ఎండిన చెలకలో కత్తులు దిగక యంత్రం ఎగిరెగిరి పడుతుంది. పైగా దినమంతా బురదలో నడవాలి. ఇంజను అదురు పిడుల ద్వారా భుజాలకెక్కుతుంది. పెద్ద ట్రాక్టరైతే కూర్చుని నడపవచ్చును, ట్రాలీ కట్టి కిరాయికి తోలవచ్చును. దానికి ఇనుప కేజి చక్రాలు తొడిగి కరిగెటలో దించిన తరువాత టిల్లరుకున్న ఆధిక్యం తగ్గిపోయినది.

విప్పి చూస్తే

ఏళ్ళ తరబడి పడి ఉన్న ఇంజను తిరగకపోవడానికి ముఖ్యకారణం తుప్పు. తుప్పు తాను తిన్న ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుచేత పిస్టను సిలిండరులో బిగుసుకొనిపోతుంది. సుత్తితో కొట్టరాదు. సిలిండరులో కిరోసిను లేక డీజిలు పోసి కొన్ని దినాలు నానబెట్టి, మెల్లగా కదిలించాలి.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా అణచగా పుట్టిన వేడికే నూనె మండుతుంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ నిరూపించిన సూత్రమిదే. కావున పిస్టను రింగులు అరిగినా, కవాటాలు సరిగా మూసుకొనకపోయినా గాలి కారిపోయి ఇంజను అంటుకొనదు. మొదట చూడవలసినది ఇదే. తరువాత నూనెను సన్నని తుంపరగా చిమ్మే నాజిలు. కత్తుల జోలికి పోయేముందు ఇంజను ఆపి, బెల్టు తీసివేయడం మరువరాదు.

మెరుగుల మోజులో పూర్వరూపం చెరపకూడదు. తయారీదారు పేరు, సంఖ్య ఉన్న రేకును గీకరాదు. మార్చిన భాగాలను పారవేయక చీటీ కట్టి దాచాలి. అరిగిన పిడి, అతుకు వేసిన కత్తి, ఊరి కమ్మరి చేసిన బోల్టు కూడ చరిత్రకు సాక్ష్యాలే. వాటిని బట్టి ఆ యంత్రం ఏ నేలలో ఎట్లా శ్రమించినదో చెప్పవచ్చును.

ఈ మూడు జిల్లాలలోని కళాశాలలు, పారిశ్రామిక శిక్షణ సంస్థలు తలా ఒక పాత టిల్లరును సేకరించి విద్యార్థులచేత బాగుచేయించవచ్చును. ఉష్ణం, ఘర్షణ, లోహ లక్షణాలు నల్లబల్ల మీద కంటె అచ్చట చక్కగా బోధపడతాయి. ఆ యంత్రాలను నడిపిన రైతులు, మరమ్మతు చేసిన మేస్త్రీలు మన మధ్య ఉండగానే ఈ పని మొదలుపెట్టడం మంచిది.