విమానము దిగు విధము



1652లో గండికోటకు వచ్చిన తవెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు ఇచ్చటి దారి యిరుకును, దాని ప్రక్కనున్న అగాధమును గూర్చి వ్రాసియున్నాడు. ఎద్దుబండిపై కొండ దిగినవారికి ఒక సంగతి తెలియును. వాలు మొదలు కాకమునుపే బండివాడు పగ్గము బిగబట్టవలెను. వాలు నడుమకు వచ్చిన పిదప బరువే యెద్దులను ముందునకు త్రోయును. నేడు నేను విన్నవింపబోవునది విమానము దిగుటను గూర్చి. అదియు నిట్టి కథయే.

1932 అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి తపాలా సంచులను గొనివచ్చెను. అటనుండి నెవిల్ విన్సెంట్ వానిని బళ్ళారి మీదుగా మద్రాసునకు చేర్చెను. ఆ విమానము పేరు పస్‌మాత్. దాని వేగము గంటకు నూఱు మైళ్లకు అటునిటు. దాని చక్రముల కాళ్లను పొదిగిన రేకులను చోదకుడు అడ్డముగా త్రిప్పవచ్చును. అవి గాలికి అడ్డుపడి వేగమును హరించును. ఎంత సులభోపాయము!

తరువాత జెట్ విమానములు వచ్చెను. వాని శరీరము మిక్కిలి నునుపు. యంత్రముల బలమును పూర్తిగా తగ్గించినను అవి బహుదూరము జారుచునే పోవును. ముక్కు వంచినచో వేగము పెరుగును. వేగము తగ్గింపదలచి ముక్కెత్తినచో దిగుట మందగించును. దిగుట, నెమ్మదించుట అను నీ రెండు పనులును ఒకదానికొకటి అడ్డు. పైగా వేగము రెండింతలైన అందలి శక్తి నాలుగింతలగును.

కావున చోదకులు నోటిలెక్క యొకటి కట్టుకొనిరి. వేయి అడుగులు దిగుటకు మూడు నావికమైళ్లు, అనగా సుమారు అయిదున్నర కిలోమీటరులు కావలెను. వేగము తగ్గుటకు మఱి పది మైళ్లు. ఈ లెక్కన 35,000 అడుగుల యెత్తున ఉత్తరమునుండి కడపకు వచ్చు జెట్ విమానము కర్నూలు చేరకమునుపే దిగ నారంభింపవలెను. 2015 జూన్ 7న తెరవబడిన కడప విమానాశ్రయము గండికోటకు ఆకాశమార్గమున అరువది కిలోమీటరుల పైచిలుకు దూరము. అంత దూరమునకు వచ్చుసరికి అది పదివేల అడుగులకు లోబడి యుండవలెను. ఆ యెత్తునకు దిగువ సాధారణముగా 250 నాట్ల వేగము మించరాదు. (నాట్లనగా మన వరినాట్లు కావు, గంటకొక నావికమైలు ఒక నాటు.) నేల తాకునప్పటికి 140 ప్రాంతమునకు తగ్గవలెను. రెక్కల వెనుక పలకలు చాచుటకును, చక్రములు దించుటకును గూడ వేగమున కొక హద్దు గలదు. అది దాటియుండగా వానిని వాడరాదు. ఆలస్యమైనవానికి సాధనములు చేతనుండియు అక్కఱకు రావు.

2010 మే 22వ తేదీ యుదయమున దుబాయినుండి మంగుళూరునకు వచ్చిన బోయింగ్ 737 విమానమున 166 మంది యుండిరి. నాడు అచ్చటి రాడారు పనిచేయకుండుటచే దిగుటకు అనుమతి ఆలస్యముగా లభించెను. ముఖ్యచోదకుడు ప్రయాణమున చాలభాగము నిద్రించియుండెను. చక్రములు ముందే దించిరి, రెక్కల మీది రేకులు లేపిరి. అయినను తుదిమార్గమున విమానము ఉండవలసిన యెత్తునకు ఇంచుమించు రెండింతల యెత్తున నుండెను. తిరిగి పైకెత్తుమని సహచోదకుడు మూడుమార్లు చెప్పెను. యంత్రమును హెచ్చరించెను. ముఖ్యచోదకుడు వినలేదు. ఎనిమిదివేల అడుగుల పట్టీపై అయిదువేలకు పైగా గడచిన పిదపగాని చక్రములు నేల తాకలేదు. మంగుళూరి పట్టీ కొండనెత్తిని చదును చేసి కట్టినది. దాని కొనలయందు, మన కోటవలెనే, లోయలు. విమానము అందు పడెను. 158 మంది మరణించిరి. ఎనమండుగురు బ్రదికిరి.

నా పూర్వశిష్యుడొకడు విమానచోదకుడు. ఈ లెక్కలన్నియు వాడు చెప్పినవే. “మాస్టారూ, దిగలేమనిపించినప్పుడు తిరిగి పైకి లేచుట మాకు తప్పు కాదు. వేయి అడుగుల యెత్తులోపల ఎత్తు, వేగము కుదురుకొననిచో లేవవలసినదే” యనెను.

అది వినినప్పుడు నాకు సిగ్గు కలిగినది. కొన్నేండ్లక్రింద ఒక వివాహమునకు పోవుచుండగా మా విమానము నేల సమీపించి, చెట్లు, ఇండ్లు స్పష్టముగా కనబడిన పిమ్మట, హఠాత్తుగా పైకి లేచి యొక చుట్టు తిరిగి వచ్చి దిగెను. ముహూర్తము మించిపోవునని ప్రయాణికులు గొణగుకొనిరి. అందఱికన్న బిగ్గరగా విసుగుకొన్నవాడను నేనే.