కప్పు కొనుక్కుందామా, ప్లేయర్లను తయారు చేసుకుందామా?



పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. పోయిన సంక్రాంతి కబడ్డీ పోటీల గురించి గ్రూపులో మొదలైన గొడవ ఇంకా తెగలేదు కాబట్టి రాస్తున్నా. మా ఎర్రుపాలెం వైపు ఒక టీమ్ కప్పు కొట్టింది. సంతోషమే. కానీ ఫైనల్ ఆడిన ఏడుగురిలో నలుగురు పొద్దున రైలు దిగి, డబ్బులు తీసుకుని, రాత్రి రైలెక్కి పోయినవాళ్ళు. ఏడాదంతా గ్రౌండ్‌లో రాళ్ళు ఏరి, ముగ్గు పోసి, ప్రాక్టీస్ చేసిన మన పిల్లలు గీత బయట కూర్చుని చప్పట్లు కొట్టారు.

"గెలవకపోతే చందాలు ఎవరిస్తారు?" అని కొందరు అడుగుతున్నారు. "మన పిల్లలు ఎప్పుడు నేర్చుకుంటారు?" అని ఇంకొందరు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఇవి కొత్తవి కూడా కావు. డెబ్బై ఏళ్ళ కింద మన హైదరాబాద్‌లోనే ఒక బడి పంతులు వీటికి జవాబు వెతికాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన మీదే. సినిమాలో ఇండియా టీమ్ కథ ఎక్కువ. మనకు కావాల్సింది దాని వెనకున్న హైదరాబాద్ కథ.

రహీం 1909లో పుట్టాడు. స్కూళ్ళలో చదువు చెప్పేవాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యాడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచింది. డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. కలకత్తా పెద్ద క్లబ్బుల దగ్గర డబ్బుంది, పేరుంది. పోలీసు టీమ్ దగ్గర ఉన్నవి కానిస్టేబుల్ ఉద్యోగాలు, ఒక పంతులు.

అంటే రహీంకు గెలవడం తెలుసు. అయితే గెలుస్తున్న రోజుల్లోనే చిన్నపిల్లల మీద పెట్టుబడి పెట్టాడు. అది కూడా ఉపన్యాసాలతో కాదు, పోటీలతో. పిల్లలకు ఒక టోర్నమెంట్ పెట్టి, అందులో డ్రిబ్లింగ్ చెయ్యొద్దన్నాడు. బంతి కాలికి తగలగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. అట్లా ఆడితే ఒక్కడే హీరో అవ్వడం కుదరదు, చుట్టూ చూసి పాస్ ఇవ్వడం దానంతట అదే వస్తుంది. ఇంకో టోర్నమెంట్‌లో బలం లేని కాలితోనే కొట్టాలన్నాడు. కుడికాలి వాటం ఉన్నోడు ఎడమకాలితో ఆడాలి. కొన్నాళ్ళకు రెండు కాళ్ళూ పనికొస్తాయి.

దీంట్లో కిటుకు ఏందంటే, పిల్లలకు కావాల్సింది కూడా గెలుపే. వాళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టి "నేర్చుకోండి" అంటే నేర్చుకోరు. వాళ్ళ వయసుకు తగిన పోటీ, వాళ్ళు గెలవగలిగే కప్పు పెడితే నేర్చుకుంటారు. పెద్దవాళ్ళ టీమ్ కప్పు కోసం ఆడుతుంటే, పక్కనే పిల్లల టీమ్ వేరే కప్పు కోసం ఆడుతుంది. ఒకరి పోటీ ఇంకొకరికి అడ్డం రాదు.

ఇండియా టీమ్‌లోనూ ఆయన దారి ఇట్లనే కనిపిస్తుంది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. నాలుగేళ్ళ తర్వాత 1956లో మెల్‌బోర్న్ వెళ్ళిన జట్టులో పి.కె. బెనర్జీ, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఉన్నారు. ముగ్గురికీ ఇరవై ఏళ్ళు అటూఇటూ. సీనియర్ల పక్కన ఈ పిల్లలకు చోటిచ్చి కూడా ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకు ఇప్పటికీ అదే పెద్ద ఫలితం.

తర్వాత ఆరేళ్ళకు, 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. మొదటి గోల్ పి.కె. బెనర్జీది. గోల్ దగ్గర తంగరాజ్, ముందు వరుసలో బలరాం. 1956లో చోటిచ్చిన పిల్లలు 1962లో స్వర్ణం తెచ్చిపెట్టారు. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న చనిపోయాడు.

ఇంతవరకు మంచి కథ. ఇప్పుడు చేదు సంగతి.

హైదరాబాద్ తయారు చేసిన పిల్లలను కలకత్తా తీసుకెళ్ళింది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. తర్వాతి తరంలో నయీముద్దీన్, హబీబ్ కూడా అదే దారి పట్టారు. వాళ్ళను తప్పుపట్టలేం, బతుకుతెరువు అక్కడుంది. రహీం పోయాక ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ నయీముద్దీన్, అందులో హబీబ్ కూడా ఉన్నాడు. తోట పెట్టినాయన పోయాక ఏడేళ్ళకు కూడా కాయలు వచ్చాయన్నమాట. తర్వాత తర్వాత తగ్గిపోయాయి. ఎందుకంటే ఆ తోటకు నీళ్ళు పెట్టే పద్ధతి ఒక్క మనిషితోనే నడిచింది. మనిషి పోయాక పద్ధతి నిలవలేదు.

మరి మనిషి పోయినా పద్ధతి నిలిచిన చోటు ఉందా? ఉంది.

అమెరికా బేస్‌బాల్‌లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ అనే టీమ్ ఉంది. 1920ల్లో దానికి పెద్ద ప్లేయర్లను కొనే డబ్బుల్లేవు. బ్రాంచ్ రికీ అనే మేనేజర్ చిన్న ఊళ్ళ టీమ్‌లతో ఒప్పందాలు చేసుకుని, కొన్నిట్లో వాటాలు కొని, కుర్రాళ్ళను అక్కడ ఆడించి, పండినవాళ్ళను పైకి తెచ్చాడు. నారుమడిలో పెంచి పొలంలో నాటినట్టు. 1926లో ఆ టీమ్ మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. డబ్బున్న టీమ్‌లు కూడా తర్వాత ఇదే నేర్చుకున్నాయి. ఇదే రికీ ఇంకో టీమ్‌కు మారాక జాకీ రాబిన్‌సన్ అనే నల్లజాతి ఆటగాణ్ణి తీసుకున్నాడు. ముందు ఒక ఏడాది మాంట్రియల్‌లో కింది టీమ్‌లో ఆడించి, 1947లో పెద్ద టీమ్‌లోకి తెచ్చాడు. ఏళ్ళ తరబడి నల్లవాళ్ళకు మూసేసిన తలుపు అట్లా తెరుచుకుంది.

అమెరికా దాకా ఎందుకు, మన ఆదివాసీల దగ్గరే చూద్దాం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన ఇండియా హాకీ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు అయినాయనే. ఆ జార్ఖండ్‌ను ఆనుకుని ఒడిశాలో సుందర్‌గఢ్ జిల్లా ఉంది. అక్కడి ఊళ్ళల్లో హాకీ పోటీలకు బహుమతి ఒక మేకపోతు. ఖస్సీ కప్పు అంటారు. గెలిచిన ఊరు దాన్ని కోసుకుని కలిసి తింటుంది. ఆ మేక కోసం చిన్నప్పటి నుంచీ కర్ర పట్టుకుంటారు. బాగా ఆడే పిల్లలు 1985లో పెట్టిన పాన్‌పోష్ స్పోర్ట్స్ హాస్టల్‌కు పోతారు. మూడు ఒలింపిక్స్ ఆడి, ఇండియాకు కెప్టెన్‌గా చేసిన దిలీప్ తిర్కీది ఆ జిల్లాలో సౌనామారా అనే పల్లె. టోక్యోలో కాంస్యం తెచ్చిన అమిత్ రోహిదాస్‌ది కూడా అదే పల్లె. అక్కడ ఒక రహీం లేడు. ఊళ్ళో ఆట ఉంది, దాని పైన హాస్టల్ ఉంది. ఒకరు పోతే ఇంకొకరు వస్తారు.

మనకు కిన్నెరసానిలో గిరిజన క్రీడా పాఠశాల ఉంది, ఊరూరా కబడ్డీ, వాలీబాల్ ఉన్నాయి. లేనిది మధ్యలో మెట్టు.

అందుకే నా మాట ఇది. బయటోళ్ళు అసలే వద్దు అనను. మంచి రైడర్ పక్కన ఆడితే మన పిల్లోడికి కూడా పని తెలుస్తుంది. అయితే ఇద్దరికి మించి వద్దు. ఏడుగురిలో ఇంటర్ లోపు పిల్లలకు రెండు చోట్లు ఖాయం చేద్దాం. పెద్దల ఫైనల్‌కు ముందు రోజు పిల్లలకు వేరే పోటీ పెడదాం, ఆడపిల్లలకు కూడా. బహుమతి మేకపోతే పెడదాం, చందాలు అడగడం కూడా సులువు! ఇదంతా ఏ ఒక్క అన్న చేతిలోనో పెట్టొద్దు. రాసి పెట్టుకుందాం, ప్రతి ఏడాదీ ఇద్దరు కొత్తవాళ్ళకు బాధ్యత అప్పజెబుదాం. ఆ అన్నకు ఉద్యోగం వచ్చి పట్నం పోయినా ఆట ఆగకూడదు.

వచ్చే సంక్రాంతికి మనం ఓడిపోవచ్చు, అది ఒప్పుకునే దిగుదాం. చందా ఇచ్చే పెద్దమనుషులకు కూడా ముందే చెబుదాం. గీత బయట కూర్చుని చప్పట్లు కొట్టిన ఆ పిల్లల్లో ఒకడికి ఇప్పుడు పద్నాలుగేళ్ళు. ఇంకో ఆరేళ్ళకు వాడికి ఇరవై.

మీ ఊళ్ళల్లో ఎట్లా నడుస్తుందో కింద రాయండి. తిట్టాలనుకున్నోళ్ళు కూడా రాయండి.

జోహార్.