చివరి 128 బైట్లు

పోయిన వేసవిలో కంప్యూటర్ మార్చాను. పాత హార్డ్‌డిస్క్ తగిలించి మ్యూజిక్ ప్లేయర్ తెరిస్తే జాబితాలో పాటలన్నీ ఉన్నాయి, ఏది నొక్కినా ఫైల్ కనబడలేదంటుంది. సినిమా పాటలంటే మళ్ళీ ఎక్కడో అక్కడ దొరుకుతాయి. నాన్న క్యాసెట్టు నుంచి ఎక్కించుకున్న నాయనమ్మ మంగళహారతి ఎక్కడ దొరుకుతుంది? ఆవిడా లేదు, ఆ క్యాసెట్టూ బూజు పట్టి పోయింది.

కాసేపు తిప్పలు పడ్డాక అర్థమైంది. ప్లేయర్ దగ్గరుండేది పాటలు కావు, వాటి చిరునామాలు. పాత కంప్యూటర్లో ఆ డిస్క్ ఇ డ్రైవ్, కొత్తది దాన్ని ఎఫ్ చేసింది. వీధి పేరు మారింది, ఇళ్ళు అక్కడే ఉన్నాయి. సెట్టింగుల్లో ఆ అక్షరాన్ని తిరిగి ఇ చేయగానే దాదాపు అన్నీ పలికాయి, 17 తప్ప. కంప్యూటర్ మార్చేముందు ఒక ఫోల్డర్‌ని జిప్ కట్టి విప్పాను. అప్పుడే తెలుగులో పెట్టుకున్న ఫైలు పేర్లు పిచ్చి గుర్తులైపోయాయి.

పాటకి పేరు ఎక్కడ రాయాలన్నది పాత చిక్కే. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. ఏ పాట ఎవరిదో అక్కడివాళ్ళు గుర్తుపట్టాలి కదా! అందుకని పాట అయిపోగానే ఆవిడ ఇంగ్లీషులో తన పేరు తానే చెప్పేది.

ఎంపీ3లకీ అదే అవసరం వచ్చింది. 1996లో ఎరిక్ కెంప్ ఐడీ3 అనే ట్యాగు తయారుచేశాడు. అదీ చివరనే: ఫైలు ఆఖరి 128 బైట్లు. అందులో పాట పేరుకి 30, గాయకుడికి 30, ఆల్బమ్‌కి 30. ఆ కొలతలో తెలుగుకి చోటెక్కడిది? యూటీఎఫ్-8లో రాస్తే మన అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, సున్నాకీ ఒక్కోదానికి 3 బైట్లు కావాలి. ‘ఘంటసాల’ ఇముడుతుంది. ‘ఘంటసాల వెంకటేశ్వరరావు’ ఇమడదు. 1998లో వచ్చిన రెండో రకం ట్యాగుతో ఆ ఇరుకు తీరింది.

నా పదిహేడింటిలో పదకొండింటిని ట్యాగుల్ని బట్టే పోల్చుకున్నాను. మిగతా ఆరూ ఇంట్లో ఎక్కించినవి. వాటికి ట్యాగు రాయడానికి అప్పట్లో బద్ధకించాను. ఇక వినడమే దారి. ఐదో ఫైల్లో గరగరల మధ్య హారతి మొదలైంది. గొంతు మరీ పల్చగా ఉంది, నాయనమ్మేనా, మేనత్తా అని అనుమానం. పాట అయింది. కాస్త నిశ్శబ్దం. తర్వాత, “అయిపోయిందిరా, ఇంక ఆపెయ్” అంది నాన్నతో.

అక్కర్లేదని ఆ ముక్క కత్తిరించేద్దామనుకున్నాను ఒకప్పుడు. ఇప్పుడు ట్యాగులో ఆవిడ పేరు, ఊరు పూర్తిగా రాశాను. ఆ చివరి మాట మాత్రం ముట్టుకోలేదు.