పిల్లాడి నడకకు కొలబద్ద ఎవరిది?

అఫ్జల్‌గంజ్ బస్టాప్‌లో ఏడాది పిల్లాడిని ఎత్తుకున్న తల్లిని ఎవరో ఒకరు అడుగుతారు: "ఇంకా నడవట్లేదా అమ్మా?" ఈ ప్రశ్నకు సైన్స్‌లో పెద్ద చరిత్రే ఉంది.

1967లో అమెరికాలోని డెన్వర్ నగర పిల్లల లెక్కలతో ఒక పరీక్ష వచ్చింది. దాన్నే చాలా దేశాలు వాడాయి. మరి ఒక్క ఊరి పిల్లలు లోకమంతటికీ కొలబద్ద ఎలా అవుతారు?

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండియా, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాల్లో 816 మంది పిల్లల్ని గమనించి, 2006లో లెక్క తేల్చింది. పట్టు లేకుండా నడక 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. నూటికి నలుగురు అసలు దోగాడనే లేదు!

18 నెలలు దాటినా నడవకపోతే డాక్టర్‌కి చూపించండి. అంతేగానీ పక్కింటి పిల్లాడితో పోల్చి తల్లిని నిందించొద్దు.