సోషల్ వర్కర్లు (భారత బాలల రక్షణ వ్యవస్థ)

అనాథలు, వదిలేసిన బిడ్డలు, హింసకు గురైనవారు, పనిలో మగ్గుతున్నవారు ఎక్కడ, ఎవరి దగ్గర పెరగాలో నిర్ణయించేది బాలల సంక్షేమ సమితి. ఆ నిర్ణయానికి ఆధారాలు సమకూర్చి, తర్వాత కూడా బిడ్డ బాగోగులు కనిపెట్టి ఉండేవారు సోషల్ వర్కర్లు. ఈ ఏర్పాటుకు మూలం జువెనైల్ జస్టిస్ చట్టం, 2015.

బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వచ్చినా, పోలీసులు తీసుకొచ్చినా, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బిడ్డను సమితి ముందుంచాలి. సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తికావాలి. సోషల్ వర్కర్ పనిలో అసలైన భాగం ఇదే. ఇంటికి వెళ్లాలి. బంధువులనూ ఇరుగుపొరుగునూ బడి టీచర్లనూ కలవాలి. బిడ్డ చెప్పేది పెద్దలెవరూ పక్కన లేకుండా వినాలి. ఇంట్లో అప్పులెన్ని, తండ్రి తాగొచ్చి కొడతాడా, బడి ఎందుకు మానాల్సి వచ్చింది, అమ్మమ్మో మేనమామో సాకగలరా అన్నవన్నీ తెలుసుకోవాలి. ఇవేవీ కనుక్కోకుండా ఆఫీసులో కూర్చుని ఫారం నింపేస్తే, అయినవాళ్ల మధ్య పెరగగలిగిన బిడ్డ ఏళ్ల తరబడి బాలల హోంలోనే ఉండిపోతుంది.

హోంకు పంపడం చిట్టచివరి మార్గమని చట్టమే చెబుతోంది. భర్త పోయిన తల్లి కేవలం పేదరికం వల్ల బిడ్డను దూరం చేసుకునే స్థితిలో ఉంటే, కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు రూ.4,000 స్పాన్సర్‌షిప్ ఇప్పించే వీలుంది. దరఖాస్తు రాయించి, కాగితాలు సమకూర్చి, డబ్బు ఖాతాలో పడేదాకా వెంటపడటం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ఎన్నో కుటుంబాలను నిలబెట్టేది అదే.

తప్పిపోయిన, పనిలో మగ్గుతున్న పిల్లలను వెతికి కాపాడేందుకు తెలంగాణలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ జరుగుతాయి. వాటిలో బయటపడే పిల్లల్లో ఇతర రాష్ట్రాలవారూ ఉంటారు. వాళ్ల భాష తెలిసినవారిని వెతకడం, సొంత జిల్లా నుంచి ఇంటి వివరాలు తెప్పించడం తప్పనిసరి.

దత్తతలోనూ వీరి పాత్ర ఉంది. బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులు 2 నెలల్లోగా మనసు మార్చుకోవచ్చు. ఆ వ్యవధిలో ఒత్తిడి పెట్టకుండా వాళ్లతో మాట్లాడాలి. దత్తత కోరేవారి ఇంటిని పరిశీలించి నివేదిక ఇవ్వాలి. బిడ్డ కొత్త ఇంటికి చేరాక 2 ఏళ్లపాటు, 6 నెలలకోసారి వెళ్లి చూడాలి.

నేరారోపణ ఎదుర్కొనే పిల్లల కేసులు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తాయి. అందులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సోషల్ వర్కర్లు సభ్యులుగా ఉంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. భేదాభిప్రాయం వస్తే మెజారిటీదే మాట. ఇద్దరు సోషల్ వర్కర్లు ఒక్కటైతే, మేజిస్ట్రేటు విభేదించినా వారి అభిప్రాయమే నెగ్గుతుంది.