రేడియో చట్రములో దాగిన విద్యుత్తు

జహీరాబాదులోని మా ప్రయోగశాలకు ఒక విద్యార్థి తన తాతగారి వాల్వు రేడియోను తెచ్చినాడు. ప్లగ్గు పెట్టి, వెనుకనున్న ఇనుప చట్రమునకు నియాన్ టెస్టరును తాకించగా దీపము వెలిగినది. ప్లగ్గును త్రిప్పి పెట్టగా ఆరినది. సెట్టు చెడిపోయినదని అతడనుకొన్నాడు. చెడిపోలేదు, దానిని నిర్మించినదే అట్లు.

కారణము తెలియుటకు కొంత వెనుకకు పోవలెను. మద్రాసులో 1895లో ట్రాములు నడచినది ఏకముఖ విద్యుత్తుతో. ప్రపంచములోని పెక్కు నగరములలో ఇండ్లకు తొలుత వచ్చినదియు అదే. ట్రాన్స్‌ఫార్మరు పనిచేయవలెనన్న మారుచుండు అయస్కాంత క్షేత్రము కావలెను; ఏకముఖ ప్రవాహములో అది ఉండదు. కనుక ఏకముఖ, ఏకాంతర విద్యుత్తులు రెండింటితోను పాడగల సెట్టు కొరకు ఇంజనీర్లు ట్రాన్స్‌ఫార్మరునే తీసివేసిరి. వాల్వుల తంతువులను శ్రేణిలో కలిపి, సరఫరా తీగలలో ఒకదానిని చట్రమునకు తగిలించిరి. మన ఇండ్లలో ఆ తీగ న్యూట్రల్ అయిన సరి. ఫేజు అయినచో చట్రమంతయు 230 వోల్టులే. రెండు పిన్నుల ప్లగ్గును ఎటైనను పెట్టవచ్చును గదా! పెట్టె చెక్కది, మరలు బేకలైటువి కాబట్టి పాటలు వినువారికి భయము లేదు. అట్ట విప్పినవారికే ముప్పు.

1947లో ట్రాన్సిస్టరు పుట్టినది. 9 వోల్టుల బ్యాటరీతో సర్క్యూట్లు కట్టుకొను కుర్రవాండ్రకు షాకు మాటే తెలియకపోయెను. వారు కట్టిన బ్యాటరీ ఎలిమినేటరులోను ట్రాన్స్‌ఫార్మరు ఉండెడిది. అది వోల్టేజిని తగ్గించుటయే కాక, సర్క్యూటును ఇంటి లైనునుండి వేరుచేయును. ఈ రెండవ ఉపకారమును ఎవరును గుర్తింపరు! ఇప్పుడు ఖరీదు తగ్గునని ట్రాన్స్‌ఫార్మరుకు బదులు ఒక కండెన్సరును వాడుచున్నారు. మీటరు 5 వోల్టులే చూపును. భూమితో పోల్చిన అక్కడ 230 ఉండవచ్చును. తాతగారి చట్రము మరల వచ్చినదన్నమాట.

అమెరికాలో చార్లెస్ డాల్జియెల్ అను ఆచార్యుడు మనుష్యులపైననే పరీక్షలు జరిపెను. పట్టిన తీగను విడిపించుకొనగల ప్రవాహము పురుషులకు సగటున 16 మిల్లీ ఆంపియర్లని తేల్చెను. తడి దేహపు నిరోధము 1,000 ఓములనుకొన్నచో, 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహించును. ఆయన 1961లో లీకేజిని పసిగట్టి సరఫరాను ఆపు స్విచ్చిని రూపొందించెను. నేడు ఇండ్లలో పెట్టు అట్టి స్విచ్చిలు సాధారణముగా 30 మిల్లీ ఆంపియర్ల రకమువి.

రిపేరు దుకాణములలో సెట్టుతో శ్రేణిలో 100 వాట్ల బల్బు కట్టుదురు. షార్టు ఉన్నచో అది పూర్తిగా వెలిగి ఫ్యూజును కాపాడును. మనిషిని సైతము కాపాడునని కొందరి నమ్మకము. వెలుగుచున్నప్పుడు దాని నిరోధము 529 ఓములు; చల్లగా ఉన్నప్పుడు అందులో పదవ వంతైనను ఉండదు. షాకు తగిలినవానికి అది అడ్డే కాదు.

ఆ రేడియోను ఒకటికి ఒకటి నిష్పత్తిగల ట్రాన్స్‌ఫార్మరు ద్వారా నడిపితిమి. టెస్టరు ఎటు పెట్టినను వెలుగలేదు. అయినను రెండు తీగలను ఒకేసారి తాకినచో ఆ ట్రాన్స్‌ఫార్మరు కాపాడలేదు. పైగా రెక్టిఫయరు వెనుకనున్న కండెన్సరు, ప్లగ్గు తీసిన తరువాతను, సుమారు 300 వోల్టులు దాచుకొనవచ్చును. దానిని ఒక నిరోధకము ద్వారా ఖాళీచేసి, మీటరుతో చూచిన పిమ్మటనే ఆ అబ్బాయిని చేయి పెట్టనిచ్చితిని.