గ్రంథవిభజన: ఆశ్వాసం నుండి పీడీఎఫ్ వరకు

గ్రంథరచన ఎంత ప్రాచీనమైన విద్యయో, గ్రంథాన్ని భాగాలుగా విడదీయడమూ అంత ప్రాచీనమైన విద్యయే. పెద్ద గ్రంథం ఒక్కసారిగా చేతిలో ఇమడదు. ఒక్క దినంలో పఠనానికి లొంగదు. అందుచేతనే మన పూర్వులు పర్వాలు, కాండలు, స్కంధాలు, ఆశ్వాసాలు అనే విభాగాలను ఏర్పరచుకొన్నారు. నేడు ఒక ఉపాధ్యాయుడు కంప్యూటరు ముందు కూర్చొని, రెండువందల పుటల పీడీఎఫ్ పాఠ్యపుస్తకాన్ని బ్రౌజరులోనే పాఠాలవారీగా విడదీస్తున్నాడంటే, అది ఆ పాత విద్యకు కొనసాగింపు మాత్రమే. అయితే పూర్వులు ఆ పనిలో పాటించిన ఒక జాగ్రత్తను మనం విస్మరిస్తున్నాము. దానిని గుర్తుచేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తాళపత్ర గ్రంథాన్ని చూచినవారికి దాని నిర్మాణం తెలుసు. కమ్మలకు రంధ్రాలు చేసి, దారం గ్రుచ్చి, పైన క్రింద చెక్కపలకలు పెట్టి కట్టేవారు. ప్రతి కమ్మ అంచున సంఖ్య ఉండేది. దారం తెగితే గ్రంథమంతా చెదరిపోతుంది. ఒక కమ్మ ఇంకొక కట్టలో చేరితే దాని జాడ తెలియడం కష్టం. ఈ ప్రమాదానికి మన కావ్యసంప్రదాయంలోనే ఒక విరుగుడు ఉన్నది. అది ఆశ్వాసాంత గద్య. ప్రతి ఆశ్వాసం ముగింపులోనూ కవి ఎవరో, గ్రంథం ఏదో, అది ఎన్నవ ఆశ్వాసమో గద్యలో చెప్పడం ఆచారం. కట్ట తెగి ఒక్క ఆశ్వాసమే మిగిలినా, ఆ భాగం తాను ఏ తల్లి బిడ్డనో తానే చెప్పుకోగలదు.

ఆంధ్రమహాభారతమే ఇందుకు గొప్ప నిదర్శనం. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరంలో నన్నయ ఆది, సభాపర్వాలనూ అరణ్యపర్వంలో కొంత భాగాన్నీ రచించాడు. 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వం మొదలుకొని పదునైదు పర్వాలు రచించాడు. 14వ శతాబ్దిలో ఎఱ్ఱన అరణ్యపర్వ శేషాన్ని పూరించాడు. మూడు శతాబ్దులలో ముగ్గురి చేతులమీదుగా నడిచిన గ్రంథం ఒక్కటిగా నిలిచిందంటే, కవుల ప్రతిభతో పాటు విభాగాల హద్దులు స్పష్టంగా ఉండడమూ అందుకు దోహదం చేసింది.

19వ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, తాళపత్ర ప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి శుద్ధప్రతులు వ్రాయించాడు. అటువంటి పరిష్కరణ కార్యానికి పత్రసంఖ్యలు, ఆశ్వాసాంత గద్యలు ఎంత ఆధారమో వేరుగా చెప్పనక్కరలేదు.

అచ్చుయంత్రం వచ్చిన తరువాత విభజన మరొక రూపం దాల్చింది. అచ్చులో పుట ప్రమాణం కాదు, ఫారం ప్రమాణం. ఒక పెద్ద కాగితం మీద ఎనిమిదో పదహారో పుటలను అచ్చువేసి, మడిచి, ఫారాలను వరుసగా కుట్టేవారు. బైండు చేసేవాడు పొరపడకుండా ఫారం మొదటి పుట అడుగున ఒక గుర్తో సంఖ్యో ఉండేది. పెద్ద గ్రంథాలు సంపుటాలుగా వెలువడేవి. కొమర్రాజు లక్ష్మణరావుగారి ఆంధ్రవిజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వెలువడినా అకారం దాటలేదు. 1923లో ఆయన మరణంతో ఆ మహాకార్యం ఆగిపోయింది. అయినప్పటికీ వెలువడిన సంపుటాలు చేతికి వచ్చినవారికి నేటికీ ఉపయోగపడుతూనే ఉన్నవి. భాగం సక్రమంగా ఏర్పడితే మొత్తం లేకపోయినా అది వ్యర్థం కాదు.

ఇక పీడీఎఫ్ సంగతి. 1991లో అడోబీ సంస్థ స్థాపకులలో ఒకరైన జాన్ వార్నాక్ ‘కేమలాట్’ అనే పేరుతో ఒక ప్రణాళిక వ్రాశాడు. ఏ కంప్యూటరులో తెరిచినా, ఏ ప్రింటరులో అచ్చువేసినా పుట ఒకే రీతిగా కనబడాలన్నది దాని ఆశయం. 1993లో పీడీఎఫ్ వెలువడింది. ఆరంభంలో దానిని చదివే సాఫ్ట్‌వేరుకు కూడా వెల ఉండేది. తరువాత ఉచితం చేశారు. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందింది. అప్పటినుండి అది ఒక సంస్థ సొత్తుగా కాక అందరికీ చెందిన నియమావళి అయినది.

ఈ ఫైలు లోపలి అమరిక మన తాళపత్ర కట్టను తలపిస్తుంది, ఒక్క భేదంతో. దీని సూచిక చివర ఉంటుంది. ఫైలును తెరిచే సాఫ్ట్‌వేరు ముందుగా చివరి భాగాన్ని చూచి, ఏ వస్తువు ఫైలులో ఎన్నవ స్థానాన ఉన్నదో తెలిపే పట్టికను పట్టుకొంటుంది. ఆ పట్టిక ఆధారంగా పుటల జాబితాను, పుటలకు కావలసిన అక్షరరూపాలను, బొమ్మలను వెదకి తెస్తుంది. పది పుటలను విడదీయమంటే, ఆ పది పుటలనూ వాటికి కావలసిన సామగ్రినీ క్రొత్త ఫైలులోనికి ఎత్తి వ్రాసి, క్రొత్త పట్టిక చేరుస్తుంది. అందుచేత మూలగ్రంథం చెక్కుచెదరదు. పుటలన్నీ ఉమ్మడిగా వాడుకొనే ఫాంటులో బొమ్మలో ఉంటే అవి ప్రతి భాగంలోనూ చేరుతాయి. పదోవంతు పుటలు తీసుకొన్నా బరువు పదోవంతుకు తగ్గకపోవడానికి కారణం ఇదే.

ఈ పనికి మొదట్లో ప్రత్యేక సాఫ్ట్‌వేరు కావలసి వచ్చేది. బ్రౌజరు పీడీఎఫ్‌ను తనంతట తాను చూపడం 2010 ప్రాంతం నుండి మొదలైంది. క్రోమ్ 2010లో ఆ సౌకర్యం కల్పించింది. మొజిల్లావారు 2011లో ఆరంభించిన పని 2013లో ఫైర్‌ఫాక్సులో అందరికీ అందింది. 2017 నాటికి ప్రధాన బ్రౌజర్లు వెబ్ అసెంబ్లీ అనే సాంకేతికతను స్వీకరించడంతో, పెద్ద సాఫ్ట్‌వేర్లు చేసే పనులు బ్రౌజరులోనే వేగంగా సాగనారంభించాయి.

తెలుగు పుస్తకాల విషయంలో ఇక్కడొక వింత ఉన్నది. రాజ్ రెడ్డిగారి సంకల్పంతో సాగిన పదిలక్షల పుస్తకాల ప్రణాళికలో భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో, 2000ల తొలి సంవత్సరాలలో, పాత తెలుగు పుస్తకాలు పుటకొక బొమ్మగా దొరికేవి. పాఠకులు వాటిని ఒక్కొక్కటిగా దించుకొని పుస్తకంగా కూర్చుకొనేవారు. నేడు అవే పుస్తకాలు ఎన్నో ఇంటర్నెట్ ఆర్కైవులో పూర్తి పీడీఎఫ్‌లుగా ఉన్నవి. ఆనాడు కూర్పు మన పని; నేడు విభజన మన పని.

ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల వెలుపల తెలుగు బోధించేవారికి ఇది కాలక్షేపపు విద్య కాదు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి రాష్ట్రాలు కృషి చేయాలని 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతున్నది. అయినా తరగతికి పదిమంది తెలుగు పిల్లలున్న చోటికి ముద్రిత పుస్తకం సకాలంలో చేరని సంవత్సరాలను మనలో చాలామంది ఎరుగుదురు. అప్పుడు దిక్కు పీడీఎఫ్ మాత్రమే. తండ్రి కూలిపని నుండి రాత్రి తిరిగివస్తేగాని పిల్లవానికి ఫోను అందదు. ఆ ఫోనులో పుస్తకమంతా దిగదు. దిగినా రేపటి పాఠం ఎక్కడున్నదో వానికి దొరకదు. ఎనిమిది పుటల పాఠం దిగుతుంది, చదవబడుతుంది. చదవని తెలుగు ఒక తరంలో మాట్లాడే తెలుగుగా, మరుసటి తరంలో వినే తెలుగుగా మిగిలిపోతుంది.

కాబట్టి విధానం చెబుతాను. కంప్యూటరులో పీడీఎఫ్‌ను బ్రౌజరులో తెరిచి, ప్రింటు ఆదేశం ఇచ్చి, ప్రింటరు పేరున్న చోట ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ ఎంచుకొని, కావలసిన పుటల సంఖ్యలు వేస్తే ఆ భాగం వేరు ఫైలుగా వస్తుంది. ఇందులో లంకెలు పోవచ్చు. కొన్ని బ్రౌజర్లలో అక్షరాలు బొమ్మలుగా మారి బరువు పెరగవచ్చు. ముఖపత్రం, ముందుమాట, విషయసూచికలను కూడా కంప్యూటరు పుటలుగానే లెక్కిస్తుందని మరవరాదు. ముందు పది పుటలుంటే, అచ్చులోని 15వ పుట ఫైలులో 25వ పుట అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి వచ్చిన ద్విభాషా పుస్తకాలలో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు. వాటిలో సరి పుటలనో బేసి పుటలనో మాత్రమే ఎంచుకొంటే తెలుగు భాగం విడిగా వస్తుంది.

విడదీసి ఇచ్చే వెబ్‌సైట్లు రెండు విధాలు. కొన్ని మన ఫైలును తమ కంప్యూటరుకు పంపించుకొని విడదీసి తిరిగి ఇస్తాయి. కొన్ని మన బ్రౌజరులోనే ఆ పని చేస్తాయి. పేజీ తెరుచుకొన్న తరువాత నెట్ ఆపివేసి ప్రయత్నించండి. అప్పటికీ పని జరిగితే ఫైలు మన యంత్రం దాటలేదని అర్థం. పాఠ్యపుస్తకానికి రహస్యం లేదు. పిల్లల మార్కుల జాబితాలకు, ఆధార్ ప్రతులకు ఈ భేదం చాలా ముఖ్యం.

ఇప్పుడు పూర్వుల జాగ్రత్త సంగతి. యంత్రానికి పుట తెలుసుగాని పాఠం తెలియదు. పద్యం ఒక ఫైలులోనూ దాని ప్రతిపదార్థం మరొక ఫైలులోనూ పడితే ఆ దోషం యంత్రానిది కాదు. పదిపది పుటలుగా కోయడం సులభం. పాఠం కీలు ఎక్కడుందో చూచి విడదీయడం ఉపాధ్యాయుడు చేయవలసిన పని. పైగా, విడిపోయిన పీడీఎఫ్ భాగానికి ఆశ్వాసాంత గద్య లేదు. ‘డాక్యుమెంట్-3’ అనే పేరుతో వందమంది ఫోన్లకు వెళ్ళిన పాఠం ఏ తరగతిదో, ఏ రాష్ట్రపు పుస్తకమో, ఏ సంవత్సరపు ముద్రణమో ఆరు నెలల తరువాత చెప్పగలవారుండరు. సిలబసు మారిన తరువాత కూడా పాత పాఠం ఊరూరా తిరుగుతూనే ఉంటుంది.

అందుచేత ప్రతి భాగంలోనూ పుస్తకం ముఖపత్రాన్ని, ముద్రణ వివరాల పుటను ముందు చేర్చండి. ఫైలు పేరులో తరగతి, పుస్తకం, పాఠం సంఖ్య, పాఠం పేరు, ముద్రణ సంవత్సరం ఈ వరుసలో వ్రాయండి. పాఠం సంఖ్యను 01, 02 అని రెండంకెలలో వ్రాస్తే ఫైళ్ళు ఫోనులో క్రమం తప్పవు. పూర్తి పుస్తకాన్ని ఒకచోట భద్రపరచి, విడదీసిన పాఠాలను మాత్రమే పంచండి. ఈ నాలుగు పనులకు పట్టేది పుస్తకానికి ఒక సాయంకాలం. ఆ తరువాత ఏ పాఠం ఏ ఊరు చేరినా, దానిని తెరిచిన బిడ్డకు అది ఏ పుస్తకంలోనిదో తెలుస్తుంది.